రేడియేటర్ పైపు మీద చెయ్యి

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. ఇన్నేళ్లలో మీకు చుక్కలు చూపించిన బండి ఏది అని. వాళ్లకు కావలసింది గమ్మత్తయిన కథ. బానెట్‌లో కాపురం పెట్టిన ఎలుక, డీజిల్ ట్యాంకులో దొరికిన ఉంగరం, అలాంటివి. అవీ ఉన్నాయి, టీ తాగిస్తే చెప్తాను. కానీ నేను మరిచిపోలేని బండిలో చుక్కలు చూపించిన జబ్బేమీ లేదు. రేడియేటర్ పూడుకుపోయింది, అంతే. పని నేర్చిన ఏడాదిలో ఎవరైనా పట్టుకోగల జబ్బు. దాన్ని మా జిల్లాలోనే పేరున్న మేస్త్రీ పట్టుకోలేకపోయాడు. ఎందుకు పట్టుకోలేకపోయాడన్నదే నేను రాయదలుచుకున్నది.

మా షెడ్డు కొడవలూరు దగ్గర హైవే పక్కన ఉండేది. మా అంటున్నాను గానీ అది మేస్త్రీది. నేను ఆయన దగ్గర చేరి, పని నేర్చుకుని, పెళ్లి చేసుకుని, తల నెరిసేదాకా అక్కడే ఉన్నాను. ఊరంతా ఆయనను మేస్త్రీ అనేది. నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను కోపంలో ఒరే అనీ, ప్రేమలో కూడా ఒరే అనీ పిలిచేవాడు. ఏది ఏదో గొంతును బట్టి తెలుసుకోవాలి.

షెడ్డులో ఒక ఆచారం ఉండేది. ఏ బండికి ఏ పని చేసినా, చివరకు ఇంజను కాసేపు నడిపి, మేస్త్రీ వచ్చి రేడియేటర్ పై పైపు మీద అరచెయ్యి వేసేవాడు. కళ్లు సగం మూసి, దూరంగా ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు నిలబడేవాడు. తర్వాత "ఊ, తీసకపో" అనేవాడు. ఆ ఊ అనకుండా బండి గేటు దాటేది కాదు. స్కానర్ వచ్చి, ఇంజను లోపలి వేడి అంకెల్లో కనబడడం మొదలయ్యాక కూడా ఇది మారలేదు. మేము అంకె చూపిస్తే బండి వాళ్లు తల ఊపి, "అది సరేలే, మేస్త్రీ చెయ్యి పెట్టినాడా?" అని అడిగేవాళ్లు.

చివరి సంవత్సరాల్లో ఆచారం కొంచెం మారింది. ఆయన పైపు దగ్గరికి వచ్చి, "ఒరే, ముందు నువ్వు పెట్టు" అనేవాడు. నేను పెట్టేవాణ్ణి. తర్వాత ఆయన పెట్టేవాడు. కళ్లు మూయడం కూడా మానేశాడు. నా వైపు చూస్తూ ఊ అనేవాడు. ఈ వయసులో కూడా అన్న నాకు పని నేర్పుతున్నాడు, రేపు షెడ్డు నాకే వదులుతాడు కాబోలు అని నేను లోలోపల పొంగిపోయేవాణ్ణి. ఇంట్లో కూడా చెప్పుకున్నాను. మా ఆవిడ, "నీ మొహం చూస్తేనే తెలస్తుండాదిలే" అంది.

నా మొహం సంగతి ఇక్కడ చెప్పాలి. అది ఏదీ దాచదు. పని లేని ఆదివారాలు షెడ్డు వెనక పేకాట ఆడేవాళ్లం, సరదాకే. నేను గెలిచిన ఆట గుర్తు లేదు. ముక్క ఎత్తగానే నా చేతిలో ఏముందో అవతలివాడికి తెలిసిపోయేది. చర్చిలో పాస్టర్ గారు కూడా, "ఈ పొద్దు ప్రసంగం పొడుగైందని నీ మొహమే చెప్పింది" అని నవ్వేవారు.

మేస్త్రీ గురించి మేము నవ్వుకునే సంగతులు వేరే ఉండేవి. ఆయన ఒక కాలికి చెప్పుతో టీ కొట్టుకు వచ్చేవాడు. రెండోది దారిలో ఎక్కడో జారిపోయి ఉండేది. ఆయనకు తెలిసేది కాదు. ఎవరో ఒకరు వెనక్కి వెళ్లి తెచ్చి ఇచ్చేవాళ్లు. "ఏందన్నా, చెప్పు పోయినా తెలీదా?" అంటే, "బుర్రలో ఇంజను తిరగతా ఉంటే కాలికాడ ఏం జరిగేదీ నాకేం తెలుసురా" అనేవాడు. మేము నవ్వేవాళ్లం. ఇంకొకటి, టీ గ్లాసు. పొగలు కక్కే గ్లాసును మేము పై అంచు పట్టుకుని చేతులు మార్చుకుంటుంటే, ఆయన పిడికిలి నిండా పట్టుకుని తాగేవాడు. టీ కొట్టు పెద్దాయన చూసి మురిసిపోయేవాడు. మేస్త్రీ చేతులంటే అట్టుండాల అనేవాడు.

ఇక ఆ బండి. దాని యజమాని మైపాడువాడు. తరతరాలుగా వేట మీద బతికిన కుటుంబం. భుజం దెబ్బతిని వల లాగలేక, పడవలో తన భాగం అమ్మేసి, ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ఊళ్లో వాళ్లను నెల్లూరు ఆసుపత్రికీ రైలుకూ తిప్పేవాడు. ఇంటిల్లిపాదికీ ఆ కారే ఆధారం. ఉదయం దానికి దండం పెట్టుకుని ఎక్కేవాడు. బాగుచేయించడానికి నెల్లూరులో ఎన్ని షెడ్లున్నా దాటుకుని మా దగ్గరికే వచ్చేవాడు, మేస్త్రీ చేతి కోసం.

అతను ఆ రోజు కారు తెచ్చేసరికి నేను లేను. చిల్లకూరులో మా బావ పోయాడు. సమాధి కార్యక్రమం, ఆదరణ కూడిక అన్నీ ముగిసేదాకా అక్కడే ఉండిపోయాను. జరిగింది తర్వాత ఎలక్ట్రీషియన్ చెప్పగా తెలిసింది. అతను మా షెడ్డుకు వైరింగ్ పనులకు వచ్చిపోయే మనిషి. నెమ్మదస్తుడు, పెద్దల ముందు గొంతు లేవదు.

కారు జబ్బు ఏమిటంటే, డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోతోంది. ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది. ఎలక్ట్రీషియన్ స్కానర్ పెట్టి చూశాడు. అందులోనూ వేడి ఎక్కువే. మేస్త్రీ వచ్చి పైపు మీద చెయ్యి వేసి, కొంచెంసేపు నిలబడి, "ఏం వేడి లేదు. సెన్సార్ పోయింది, మార్చు" అన్నాడు.

సెన్సార్ సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క. అది ఇంజను నీళ్లలో మునిగి ఉండే బొటనవేలంత వస్తువు. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో అదే చెప్పాలి. ముల్లు, ఫ్యాన్, కంప్యూటర్ అన్నీ దాని మాట మీదే నడుస్తాయి. అది తప్పు చెబితే అందరూ తప్పుతారు. సముద్రపు గాలికి మా వైపు అవి తరచూ పోతుంటాయి కూడా. కాబట్టి మేస్త్రీ మాటలో వింతేమీ లేదు.

కొత్త సెన్సార్ వేశారు. ముల్లు మళ్లీ పైకే పోయింది. ఇది డూప్లికేట్ సరుకు అన్నాడు మేస్త్రీ. ఇంకో కంపెనీది తెప్పించి వేశారు. అదీ అదే చెప్పింది. ఎలక్ట్రీషియన్ నసిగాడు.

"అన్నా, మిషన్ కూడా వేడనే చెప్తుండాది."

"మిషన్‌కు చెప్పేది ఎవురు? ఆ సెన్సారే గదా. అది అబద్ధం చెప్తే మిషన్ నిజం చెప్తాదా?"

"నిజమే. మరి చిన్నన్నకు ఒకసారి ఫోన్ చేద్దామా?" చిన్నన్న అంటే నేను.

"చావింట్లో ఉండేవాడికి ఫోనేందిరా" అని మేస్త్రీ కసిరాడట. మళ్లీ తనే మెత్తబడి, "పోనీ నువ్వొకసారి చెయ్యి పెట్టు" అన్నాడట. అతను నాలుగడుగులు వెనక్కి వేసి, "నువ్వుండంగా నేనేందన్నా" అన్నాడట. 

మైపాడు అతను పక్కనే నిలబడి ఉన్నాడు. మర్నాడు ఒక కుటుంబాన్ని తిరుపతి తీసుకుపోతానని మాట ఇచ్చాడు, కారు కావాలి. మేస్త్రీ చివరకు ఒక ఉపాయం చెప్పాడు. అసలు సరుకు మద్రాసు నుంచి వచ్చేదాకా సెన్సార్ వైరుకు ఒక చిన్న రెసిస్టర్ కట్టెయ్ అన్నాడు. అలా కడితే ముల్లు మధ్యలో నిలబడిపోతుంది, ఇంజను మంచులో ఉన్నా మంటలో ఉన్నా. ఫ్యాన్ కూడా తిరగదు. చెడిన సెన్సార్‌కు అది తాత్కాలికంగా పనికొచ్చే ఉపాయమే. ముల్లు బుద్ధిగా మధ్యలో నిలబడింది. మేస్త్రీ ఊ అన్నాడు. అతను దండం పెట్టి వెళ్లిపోయాడు.

నెల్లూరు దాటి మైపాడు రోడ్డులో కొంత దూరం పోయాక ఇంజను పట్టేసింది. ముల్లు అప్పుడు కూడా మధ్యలోనే ఉంది.

నేను చిల్లకూరు నుంచి వచ్చేసరికి కారు తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టి ఉంది. అతను గేటు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. తిడితే బాగుండేది. మేస్త్రీని చూసి ఒకటే అన్నాడు.

"నీ చెయ్యి చెప్పిందని ఎక్కినా అన్నా."



నేను రేడియేటర్ విప్పాను. లోపల తెల్లగా ఉప్పు పేరుకుపోయి నీటి దారులన్నీ మూసుకుపోయి ఉన్నాయి. ఏం పోస్తున్నావని అడిగితే, "ఇంటికాడ బోరు నీళ్లే" అన్నాడు. మైపాడు బోరు నీళ్లు నోట పోసుకోలేం. అవి దాని కడుపులో పోస్తున్నాడు పాపం. హెడ్ వంగిపోయింది, బ్లాకు పగిలింది. ఆ ఇంజను ఇక ఇంజను కాదు.

ఇంజనులో ఉన్నది కూడా విప్పి పెడితే బల్ల మీద మూడు సెన్సార్లు అయ్యాయి. పాతది ఒకటి, మార్చినవి రెండు. వాటిని చూస్తే నాకు మనసు ఒప్పలేదు. మూడూ ఒకే అబద్ధం ఎలా చెప్తాయి? వాటినీ మీటర్‌నూ తీసుకుని టీ కొట్టుకు పోయాను. సెన్సార్‌ను పరీక్షించడానికి అంతకన్నా మంచి లేబొరేటరీ లేదు. చల్లనీళ్లలో ముంచితే మీటర్ పెద్ద అంకె చూపాలి. మరిగే నీళ్లలో ముంచితే అంకె దిగిపోవాలి.

"నా కెటిల్లో అదేందయ్యా పెట్టేది? తాగేవాళ్లు చచ్చిపోతారు" అన్నాడు పెద్దాయన.

"ఇది వేరే నీళ్లేలే తాతా. పారబోస్తా."

"పారబోసి కెటిల్ తోమియ్యి."

పాతది ముంచాను. అంకె సాఫీగా దిగింది. కొత్తవి ఒకదాని తర్వాత ఒకటి ముంచాను. అవీ దిగాయి. మళ్లీ చల్లనీళ్లలో పెట్టి మళ్లీ చూశాను. మూడూ మంచివే. ముల్లు నిజమే చెప్పింది, స్కానర్ నిజమే చెప్పింది, పాపం ఆ డూప్లికేట్ సరుకు కూడా నిజమే చెప్పింది. చల్లగా ఉంది అన్నది ఒక్క చెయ్యి మాత్రమే.

నేను అక్కడ బల్ల మీద కూర్చుండిపోయాను. పెద్దాయన కెటిల్ నేనే తోమాలని గుర్తు చేసి, మేస్త్రీకి టీ పోసి, "ఇది ఆయనకియ్యి" అని గ్లాసు నా చేతిలో పెట్టాడు. చురుక్కుమంది. అంచు పట్టుకుని, వేళ్లు మార్చుకుంటూ షెడ్డుకు తెచ్చాను. మేస్త్రీ తన కుర్చీలో ఉన్నాడు. గ్లాసు అందుకుని పిడికిలి నిండా పట్టుకున్నాడు, ఎప్పటిలాగే. ఎన్నేళ్లుగానో చూస్తున్న దృశ్యం. ఆ రోజే మొదటిసారి చూశాను. గ్రీజు మరకల కింద అరచేతిలో బొబ్బ లేచి ఉంది, పైపు మీద పెట్టిన చోట.

ఆయన నా మొహం వైపు చూశాడు.

"మూడూ మంచియ్యేనా?"

"మంచియ్యే అన్నా."

టీ అంతా తాగి గ్లాసు కింద పెట్టాడు. హైవే మీద లారీలు పోతున్నాయి.

"చెయ్యే చెడిపోయుండాదిరా. షుగరంట. ముందు కాళ్లకు తెలీకుండా పోయింది. ఆ పైన వేళ్లకు. ఇప్పుడు నిప్పుల్లో పెట్టినా నాకు తెలీదు."

"ఎప్పుటి నుంచన్నా?"

"నిన్ను ముందు పెట్టమన్న కాడి నుంచి."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు.

"నీ మొహం చూసి చెప్తుండినా. కాస్త వేడైతే కనుబొమ్మ ఎగరేస్తావు. కాల్తే పెదవి కొరుకుతావు. సరిగ్గా ఉంటే ఏదో ఘనకార్యం చేసినోడి మాదిరి గడ్డం పైకెత్తతావు. నా చెయ్యి కంటే అదే బాగా చెప్పేదిరా. ఒక్కసారి కూడా తప్పలేదు." కారు వైపు చూసి, "ఆ పొద్దు నువ్వు లేవు" అన్నాడు.

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. నాకు పని నేర్పుతున్నాడని ఇంట్లో కూడా గొప్పగా చెప్పుకున్నాను. నేర్పడం కాదు. నడిసముద్రంలో కళ్లు పోయినవాడు పక్కవాడి భుజం పట్టుకున్నట్టు నన్ను పట్టుకున్నాడు.

"తెలీట్లేదని అనుండొచ్చు గదన్నా. ఎవురేమంటారు?"

"అని? ఆ మాటన్నాక నేనెందుకురా ఈడ? నట్టు బిగించను వేళ్లకు పట్టు లేదు, దగ్గరి చూపు ఆనదు. నాకు మిగిలింది ఆ చెయ్యొకటే. అది కూడా లేదని చెప్పి ఇంటికాడ కూచోమంటావా?"

 

మేస్త్రీకి సొంత కారు ఒకటుండేది. మైపాడు అతని కారు, అదీ ఒకే రకం. పాతదే గానీ పెళ్లికూతురిలా ఉంచేవాడు. సెలవు దొరికితే వదినను ఎక్కించుకుని సముద్రం దగ్గరికి తీసుకుపోయి, గాలి పోసుకుని తిరిగి వచ్చేవాడు. అదొక్కటే వాళ్ల విలాసం. మర్నాడు దాన్ని షెడ్డులోకి తెచ్చి, "ఇంజను దించి ఆ పిల్లోడికి ఎక్కించు" అన్నాడు. నేను వద్దనబోయాను. ఆయన చూసిన చూపుకు పానా చేతిలోకి తీసుకున్నాను.

ఎక్కించడానికి కొన్ని రోజులు పట్టింది. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పని మీద ఒక్క మాట కూడా అనలేదు. కొత్త రేడియేటర్ పెట్టాం, సరైన కూలెంట్ పోశాం, ఆ పాత సెన్సార్‌నే మళ్లీ బిగించాం. అది ఏ తప్పూ చేయలేదు కదా.

ఇంజను తిప్పిన రోజు మైపాడు అతను భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఎలక్ట్రీషియన్ కూడా వచ్చి ఒక మూల నిలబడ్డాడు. ఇంజను చక్కగా అందుకుంది. ముల్లు మెల్లగా లేచి, నిలవాల్సిన చోట నిలిచింది. ఫ్యాన్ తిరిగింది, ఆగింది. అతని మొహంలో వెలుగు వచ్చింది. అలవాటు కొద్దీ మేస్త్రీ వైపు తిరిగి, ఏ కడుపుమంటా లేకుండా అన్నాడు.

"అన్నా, ఒకసారి చెయ్యి పెట్టు. పోతాం."

 మేస్త్రీ కుర్చీలోంచి లేచాడు. ఒక కాలికి చెప్పు లేదు. పైపు దగ్గరికి నడిచాడు. చెయ్యి ఎత్తాడు కూడా. ఆయన మామూలుగా పెట్టేస్తే నేను పక్కన నిలబడి గడ్డం పైకెత్తేవాణ్ణి. ఆ మాట దేవుడి ఎదుట చెప్పగలను. జీవితాంతం అలా నిలబడడానికి సిద్ధపడే ఉన్నాను.

ఆయన చెయ్యి దించేశాడు.

"నాకు తెలీట్లేదు నాయనా. ఆ పొద్దు కూడా తెలీలేదు. తెలిసినట్టు చెప్పినా." నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇకమీదట ఈడు పెడతాడు."

అతను కాసేపు అర్థం కానట్టు చూశాడు. అతని భార్య మేస్త్రీ చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. బొబ్బ చితికిపోయి ఉంది. "దీనికి ఏవన్నా రాసుకో అన్నా, చీం పడతాది" అంది.  నేను పైపు మీద చెయ్యి పెట్టాను. ఊ అన్నాను. ఆ అక్షరం అంత బరువుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ తర్వాత మేస్త్రీ కొన్నాళ్లు వచ్చి కూర్చునేవాడు. ఆయన వైపు చూసి ఎవరైనా సలహా అడిగితే నన్ను చూపించేవాడు. తర్వాత అదీ మానేశాడు. చెప్పులో దిగిన మేకు తెలియక రోజంతా నడిచాడట, పుండు పడింది. నెల్లూరులో కాలు మోకాలి దాకా తీసేశారు. ఆయనను ఆసుపత్రికి తిప్పింది ఎవరో తెలుసా? మైపాడు అతనే. తన కారులో, మేస్త్రీ ఇంజనుతో. వెనక సీట్లో పడుకుని ఆ చప్పుడు వింటూ, "టాపెట్లు కొంచెం చూడాలబ్బా" అనేవాడట. చెవులు మాత్రం చివరిదాకా బాగున్నాయి.

పని నేర్చుకుంటున్న మీకు నేను చెప్పగలిగింది తక్కువ. స్కానర్ నమ్మండి, కెటిల్ కూడా దగ్గర పెట్టుకోండి. మీ షెడ్డులో పెద్దవాడు ఎవరైనా నువ్వు ముందు పెట్టు అంటే, పెట్టి, ఆయన చేతి వైపు కూడా ఒకసారి చూడండి. మేము గౌరవం కొద్దీ ఆయన మొహం చూశాం, చెయ్యి చూడలేదు. చూసి ఉంటే మందు సమయానికి పడేదేమో, కాలు నిలిచేదేమో. ఈ ఏమోలతోనే నా రిటైర్మెంటు గడుస్తోంది.

ఆయన కాలు తీసేసిన కొన్నాళ్లకు ఒక పొద్దున వదిన ఫోన్ చేసింది. "అన్న లేవటం లేదు అబ్బయ్యా, ఒకసారి రా" అంది. పోయాను. మంచం మీద పక్కకు తిరిగి పడుకున్నట్టే ఉన్నాడు. డాక్టర్‌కు కబురు పెట్టామని చెప్పింది. మంచానికి అవతల నిలబడి, "నువ్వొకసారి చెయ్యి పెట్టి చూడు నాయనా" అంది.

ఆయన అరచెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. మొహం కదలనీయకూడదని పళ్లు బిగించాను. డాక్టర్ వచ్చేదాకానైనా ఆమెకు తెలియకూడదని నా తాపత్రయం. పేకాటలో ఏనాడూ చేతకానిది ఆ పొద్దు మాత్రం ఎలా చేతనవుతుంది?

వదిన అన్న వైపు చూడడం లేదు. నా మొహమే చూస్తోంది. నేను నోరు విప్పకముందే మంచం కోడు పట్టుకుని కింద కూలబడిపోయింది.